అంతా సవ్యంగా ఉన్న రోజు

వసారాలో వెలుతురు వైపు తిరిగి కూర్చుని, చాటలో బియ్యం పోసుకుని, గవర్రాజు గారు రాళ్ళు ఏరుతున్నారు. అవి మిల్లువాళ్ళు జల్లెడ పట్టి, సంచిలో పోసి, మూతి కుట్టి అమ్మే బియ్యం. వాటిలో రాయి ఉండదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా మునిసిపల్ ఆఫీసులో రిటైరైన మర్నాటి నుంచీ రోజూ పొద్దున్నే ఆయన ఈ పని పెట్టుకున్నారు. ఎప్పుడన్నా ఒక మట్టిబెడ్డ దొరికిందంటే ఆ పూటంతా ముఖం కళకళలాడిపోయేది.

"దొరికిందాండీ మావయ్యగారూ?" అంది కోడలు హైమావతి, టిఫిను క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ.

"ఇంకా లేదమ్మాయ్. ఉంటుందిలే. ఎక్కడికి పోద్ది?"

హైమావతి నవ్వుకుంటూ క్యారేజీకి గొళ్ళెం బిగించింది. మడకలపాలెం మునిసిపల్ ఆఫీసులో, జనన మరణాల సెక్షనులో ఆమె జూనియర్ అసిస్టెంటు. పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. మావగారు రిటైరయ్యేదాకా కూర్చున్న కుర్చీయే ఆమెకు వచ్చింది. వెనక్కి ఆనుకుంటే కిర్రుమంటుంది. ఆ కిర్రుమనే చప్పుడంటే ఆమెకు చెప్పలేనంత ఇష్టం. వచ్చే నెలతో ప్రొబేషను పూర్తవుతుంది. ఆ ఒక్క ఆర్డరూ చేతికొస్తే కుర్చీ ఇక ఆమెదే.

బయల్దేరబోతుంటే గోడకున్న కొక్కేనికి వేలాడుతున్న నల్ల గొడుగు భుజానికి తగిలింది. దాని పైన అత్తగారు సుందరమ్మ ఫోటో. హైమావతి ఆవిణ్ణి చూడలేదు. పెళ్ళి నాటికే ఆవిడ పోయారు. కానీ మావగారు చెప్పే తుఫాను కథ పుణ్యమా అని ఆవిడ మాటతీరు మాత్రం కోడలికి బాగా తెలుసు.

నాలుగేళ్ళ కిందట పెద్ద తుఫాను వచ్చింది. ఊళ్ళో అన్నీ మూసేశారు. ఆఫీసు కంట్రోల్ రూములో డ్యూటీ ఒక్క గవర్రాజు గారికే పడింది. బయల్దేరుతుంటే సుందరమ్మ ఈ గొడుగు చేతిలో పెట్టి, "ఈ గాలికి మీరెలాగూ ఎగిరిపోతారు. గొడుగుని బట్టి ఆనవాలు పడతాను, పట్టుకెళ్ళండి" అందట. అప్పటి కమిషనరు జిల్లా కేంద్రంలో చిక్కుకుపోయి ఫోను చేసి, "గవర్రాజూ, ఈ రోజుకి ఇన్‌ఛార్జి కమిషనర్‌వి నువ్వే" అన్నాడట. అంతే, ఫోను చచ్చిపోయింది. సాయంత్రందాకా ఆయన కమిషనరు కుర్చీలో టార్చిలైటు పెట్టుకుని కూర్చున్నారు. ఆయన సర్వీసంతటికీ అదే పండగ రోజు.

ఇక ఇప్పటి సంగతి. ఈ వారమే ఆఫీసులో కంప్యూటర్లన్నిటికీ పాత ఆపరేటింగ్ సిస్టమ్ తీసేసి కొత్తది ఎక్కించారు. ఎడమ మూల ఉండాల్సిన స్టార్టు బటను మధ్యలోకి జరిగింది. మేనేజరు భీమశంకరం గారు పూటంతా ఎడమ మూలనే వెతికి, "మన బటను వాళ్ళు పట్టుకుపోయారండీ" అని తేల్చారు. ప్రింటరు తాను ఈ ఆఫీసుకు చెందనట్టు మొహం తిప్పుకుంది.

కొత్త సిస్టమ్‌తో పాటు ఒక చిన్న పుస్తకం కూడా వచ్చింది. "కొత్తవారికి నిత్యోపయోగ చిట్కాలు." అందరూ దాన్ని విసనకర్రగా వాడుకున్నారు. కమిషనరు పరాంకుశం గారు మాత్రం చదివారు. చదివి, మీటింగు పెట్టారు.

"దీన్ని కంప్యూటరు పుస్తకం అనుకుంటే పొరపాటు. ఇది పరిపాలనా గ్రంథం. ఇందులో కంప్యూటరు అన్న ప్రతిచోటా కార్యాలయం అని చదువుకోండి. మీకే అర్థమవుతుంది" అన్నారాయన. ఏడాది కిందట ఈ ఊరు వచ్చినప్పటి నుంచీ ఆయన ఇలాంటిదాని కోసమే వెతుకుతున్నారు.

మొదటి చిట్కా మర్నాడే సర్క్యులరుగా వచ్చింది. "ఏ ఇబ్బంది తలెత్తినను, ముందు ఆపి, కాసేపు ఆగి, తిరిగి మొదలుపెట్టవలెను."

పదిన్నరకు కుమ్మరివీధి పుల్లమ్మ వచ్చింది. "కుళాయిలో నీళ్ళు రావట్లేదండి."

"బయటికెళ్ళి మళ్ళీ రా అమ్మా" అన్నారు భీమశంకరం గారు.

పుల్లమ్మ గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. "కుళాయిలో నీళ్ళు రావట్లేదండి."

"ఇంకా అదే సమస్యా?"

"మరేటండి? నేను గేటు దాకా వెళ్ళొస్తే నీళ్ళొచ్చేత్తాయాండి?"

"నువ్వు పూర్తిగా ఆగలేదు. అందుకే. ఈసారి ఇంటికెళ్ళి, పడుకుని, లేచి రా."

రెండు రోజులు తిరిగేసరికి గేటు దగ్గర తిరునాళ్ళలా తయారైంది. లోపలికొచ్చేవాళ్ళూ, బయటికెళ్ళి మళ్ళీ వచ్చేవాళ్ళూ. వేరుశెనక్కాయల బండివాడు అక్కడే మకాం పెట్టాడు. సిబ్బందికీ అదే మందు. కూడికలో తప్పు చేసిన గుమాస్తా సంచి సర్దుకుని, అందరికీ నమస్కారం పెట్టి, వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ "గుడ్ మార్నింగ్ సార్" అంటూ రావాలి.

"స్పందన రాకపోతే తొందరపడి మళ్ళీ మళ్ళీ నొక్కవద్దు, ఓపిక పట్టండి" అన్నది రెండో చిట్కా. దానికి సర్క్యులరు అవసరం లేకపోయింది. ఆఫీసు పుట్టినప్పటి నుంచీ అది అమల్లోనే ఉంది.

కొంప ముంచింది మూడో చిట్కా. "అప్పటికీ కుదరకపోతే, అంతా సవ్యంగా పనిచేసిన ఒక తేదీకి సిస్టమ్‌ను వెనక్కి తీసుకెళ్ళండి. మీరు దాచుకున్నవి పోవు. ఆ తేదీ తర్వాత ఎక్కించినవి మాత్రం ఉండవు."

"మన కార్యాలయం సవ్యంగా పనిచేసిన తేదీ ఏది?" అని మీటింగులో అడిగారు పరాంకుశం గారు.

అందరూ పైకి చూశారు. పైన ఫ్యాను తప్ప ఏమీ లేదు.

"అలాంటిదంటే సార్..." అన్నారు భీమశంకరం గారు, "నేను చేరి ముప్పయ్యేళ్ళేనండి."

"పోనీ, ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాని రోజు. హైమావతి గారూ, కంప్యూటర్లో వెతకండి."

హైమావతి వెతికింది. మధ్యలో ఉన్న బటను నొక్కి మరీ వెతికింది. ఒకే ఒక్క తేదీ వచ్చింది. ఆ తేదీ చూడగానే ఆమెకు నవ్వొచ్చింది.

"సార్, ఇది తుఫాను వచ్చిన రోజండి. ఆ రోజు ఆఫీసు మూసేశారు. ఫోన్లు పోయాయి. ఫిర్యాదు చెయ్యడానికి ఎవరూ రాలేదండి."

"చూడమ్మా" అన్నారు పరాంకుశం గారు శాంతంగా, "మనకు కారణాలు ముఖ్యం కాదు. ఫలితం చూడాలి. సున్నా! సున్నా ఫిర్యాదులు!"

సాయంత్రానికల్లా ఆర్డరు దిగింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఈ కార్యాలయమును సదరు తేదీకి పునరుద్ధరించడమైనది. ఇకపై ప్రతి పనిదినమును సదరు తేదీగానే పరిగణించవలెను. ఆ తేదీన ఏ పనులు జరిగినవో అవియే జరుగవలెను. తదుపరి చేర్చబడిన సమస్తమును లేనట్లుగా భావించవలెను. ఈ స్థితిని ముగించు అధికారము కమిషనర్‌కు మాత్రమే కలదు."

హైమావతి నవ్వు అక్కడే ఆగిపోయింది. "మరి నేనో సార్?"

"మీరు తదుపరి ఎక్కించినవారి కిందికి వస్తారమ్మా."

"నన్ను తీసేశారా సార్?"

"ఛ ఛ. తీసెయ్యడమంటే మీరు ముందు చేరి ఉండాలి కదా. మీరు ఇంకా చేరలేదు. మీ తేదీ రాగానే నిక్షేపంగా వచ్చి చేరండి."

"వచ్చే నెల నా ప్రొబేషనండి. నా తేదీ ఎప్పుడొస్తుందండి?"

పరాంకుశం గారు గోడమీద క్యాలెండరు వంక ఆలోచనగా చూశారు. "ఈ రోజు గడవగానే" అన్నారు.

మర్నాడు పొద్దున్న అటెండరు ఏసుబాబు ఇంటికొచ్చాడు. చాట ముందున్న గవర్రాజు గారికి వంగి నమస్కారం పెట్టాడు.

"తమర్ని డ్యూటీకి రమ్మన్నారండి. ఆ రోజు ఉన్నది తమరొక్కరే కదండీ. ఆ రోజు ఎలా వచ్చేరో అలాగే రమ్మన్నారండి. గొడుగూ, టార్చిలైటూ మర్చిపోవద్దన్నారు."

గవర్రాజు గారి చేతిలో చాట ఒరిగిపోయింది. బియ్యం వసారా అంతా పరుచుకున్నాయి. ఆయన వాటిని తొక్కకుండా గంతేసి లోపలికి పరిగెత్తారు. ఉద్యోగంలో ఉన్నప్పటి చొక్కా తొడుక్కుని, కొక్కెం మీది గొడుగు తీసుకుని, మంచి ఎండలో దాన్ని విప్పుకుని, గాలికి ఎదురు నడుస్తున్నట్టు ముందుకు వంగి మరీ వెళ్ళారు. ఆ రోజు అలాగే వెళ్ళారు మరి.

హైమావతి కిందపడ్డ బియ్యం ఎత్తింది. క్యారేజీ గిన్నెలు తోమి బోర్లించింది.

ఇక ఊరికి రోజూ తుఫానే. ఆకాశం తుడిచిన పళ్ళెంలా ఉండేది. మైకు పెట్టుకున్న ఆటో వీధివీధీ తిరుగుతూ, "వేటకు వెళ్ళరాదు! పూరిళ్ళలో ఉన్నవారు బడిలోకి తరలి రావలెను! పశువులను కట్లు విప్పి వదలవలెను!" అని అరిచేది. పశువులు విప్పినవాళ్ళు సాయంత్రందాకా వాటిని వెతుక్కునేవాళ్ళు. ఆ రోజు మార్కెట్టు రోడ్డు మీద చింతచెట్టు కూలింది గనక రోజూ పొద్దున్నే ఒక దుంగ తెచ్చి రోడ్డుకు అడ్డంగా పడేసేవారు. కూలినప్పుడు పెద్ద చప్పుడైందని ఎవరో గుర్తుచేస్తే, ఒక టపాకాయ కూడా పేల్చేవారు.

బడిలో పులిహోర పొట్లాలు. మొదటి రోజు జనం నవ్వారు. మర్నాడు పొట్లాలతో సరిపెట్టుకోక గిన్నెలు తెచ్చుకున్నారు. ఆ తర్వాత పులిహోరలో పల్లీలు తగ్గాయని గొడవ చెయ్యబోయారు గానీ, ఫిర్యాదు తీసుకోవడానికి వీల్లేదు. ఆ రోజు ఫోన్లు చచ్చిపోయాయి గనక ఆఫీసు ఫోన్ల తీగలు పీకేసి ఉంచారు. ఫిర్యాదులు రోజూ సున్నాయే.

చిక్కంతా జనన మరణాల సెక్షనులో వచ్చింది. ఒకాయన బడిలో వెయ్యడానికి కొడుకు సర్టిఫికెట్టు కావాలని, వాణ్ణి భుజాన ఎత్తుకుని వచ్చాడు.

"బాబు ఇంకా పుట్టలేదండి" అన్నారు భీమశంకరం గారు.

"మరి ఇదేటండి?" అన్నాడాయన. భుజం మీదున్నది భీమశంకరం గారి కళ్ళజోడు లాగేసింది.

పుల్లమ్మ మొగుడి పేరున నీటిపన్ను నోటీసు వెళ్ళింది. ఆవిడ నోటీసు పట్టుకుని వచ్చి, "మా ఆయన పోయి రెండేళ్ళయిందండి బాబూ" అని మొత్తుకుంది.

"రికార్డు ప్రకారం ఉన్నాడు. ఒకసారి వచ్చి కనపడమను."

"ఎక్కడికని కబురెట్టమంటారండి? ఉన్నన్నాళ్ళూ పిలిస్తే పలకలేదు. ఇప్పుడు పలుకుతాడా!"

గవర్రాజు గారింటికి ఏసుబాబే పొట్లాలు తెచ్చేవాడు. "గవర్రాజు గారు, సుందరమ్మ గారు, వీర్రాజు గారు. మూడండి."

"నాకో?" అంది హైమావతి.

"తమరింకా ఈ ఇంటికి కోడలుగా రాలేదండి. ఆ రోజుకి వీర్రాజు గారికి సంబంధాలు కూడా చూడ్డం లేదండి."

"మరి ఇప్పుడు నీకు తలుపు తీసిందెవరు ఏసుబాబూ?"

"నన్నడక్కండి అమ్మగారూ. నేను పొట్లాలవరకేనండి."

హైమావతి భర్త వీర్రాజు చేపల చెరువు దగ్గర్నుంచి వచ్చి, తన పొట్లం విప్పుతూ, "అయితే నేను బ్రహ్మచారినా?" అని ఒకటే నవ్వు. ఆమె గుడ్లురిమేసరికి పొట్లం ఆమె ముందుకు జరిపాడు.

"వద్దులేరా, నీది నువ్వు తిను" అన్నారు గవర్రాజు గారు. "సుందరంది అమ్మాయి తింటుంది. సుందరానికి పులిహోరలో ఇంగువ పడదు."

పడదు అన్నారు. పడేది కాదు అనలేదు. హైమావతి ముద్ద కలుపుతూ ఆ మాట విన్నది. ఎప్పుడూ చూడని మనిషి పేరున వచ్చిన పులిహోర రోజూ తింటూ, రోజూ ఆమె ఆ మాటే వింటూ వచ్చింది. ఆయనకు గొడుగు తుడవడం, దారం ఊడిన చోట కుట్టుకోవడం, పొద్దున్నే ఫోటో వైపు చూసి "ఎగిరిపోన్లే, భయపడకు" అనడం అలవాటైపోయాయి. ఉద్యోగం గురించి ఆయనతో ఏమనాలో ఆమెకు తోచలేదు.

ఇంతలో అసలు తమాషా జరిగింది. జిల్లా కార్యాలయం నుంచి అభినందన వచ్చింది. ఒక్క ఫిర్యాదూ లేని మునిసిపాలిటీ ఇదొక్కటేననీ, మిగతా ఊళ్ళు కూడా తమ తమ సవ్యమైన తేదీలు వెతుక్కోవాలనీ, మడకలపాలెం కమిషనరుకు పెద్ద సభలో సన్మానమనీ. పరాంకుశం గారు కొత్త సూటు వేసుకుని ఆఫీసుకొచ్చారు. గేటు దగ్గర ఏసుబాబు చెయ్యి అడ్డం పెట్టాడు.

"తమరింకా ఈ ఊరు రాలేదండి."

"ఏయ్! నేను కమిషనర్ని!"

"అది పోయినేడాది నుంచండి. అంటే ఇంకా తర్వాతండి. ఆ రోజుకి ఇన్‌ఛార్జి కమిషనరు గవర్రాజు గారండి. సన్మానం కూడా ఆయనకేనంటండి."

పరాంకుశం గారు ఆర్డరు కాపీ తెప్పించుకుని, గేటు బయట నిలబడి చదువుకున్నారు. అంతా సరిగ్గానే ఉంది. ఆయన రాసిందే.

ఈ సంగతి తెలిసి హైమావతి పరిగెత్తుకొచ్చింది. ఆయన వేరుశెనక్కాయల బండి పక్కన కూర్చుని ఉన్నారు.

"సార్, ఇప్పుడైనా రద్దు చేసెయ్యండి."

"ఎలాగమ్మా? రద్దు చెయ్యాలంటే కమిషనరు కావాలి. నేను ఇంకా రాలేదు."

"రానివాళ్ళు ఆర్డరు ఎలా వేశారండి?"

పరాంకుశం గారు నోట్లో వేసుకోబోయిన గింజ ఆపేశారు. కళ్ళు మెరిశాయి. "ఎంత చక్కటి ప్రశ్న! ఆ తేదీకి నేను లేను. కొత్త సిస్టమూ లేదు. చిట్కాల పుస్తకమూ లేదు. అంటే ఈ ఆర్డరే లేదు. లేని ఆర్డరును రద్దు చెయ్యడం ఎవరి తరమమ్మా?" అని ఒక్క క్షణం తన పనితనానికి తానే మురిసిపోయి, వెంటనే నీరుగారిపోయారు. "ఒక్కటే దారి. ఆ రోజు ఇన్‌ఛార్జిగా ఉన్న మనిషి, 'తుఫాను తీరం దాటింది, రేపటి నుంచి యథావిధి' అని రాసి సంతకం పెడితే ఆ రోజు ముగుస్తుంది. ఆ మర్నాడు అప్పటి కమిషనరు వచ్చేశాడు గనక ఆ సంతకం అప్పుడు పెట్టనేలేదు. మీ మావగారికి మీరొక్క మాట చెప్పండి. మీ కుర్చీ మీది, నా కుర్చీ నాది."

హైమావతి ఇంటికొచ్చింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా మావగారు గొడుగు ఒళ్ళో పెట్టుకుని దాని పిడికి కొబ్బరినూనె రాస్తున్నారు. "చూడమ్మాయ్, మీ అత్తగారు ఏమంటదో తెలుసా?" అని మొదలుపెట్టారు. తెలుసు. అయినా ఆమె కూర్చుని మొత్తం వింది.

ఆమె చెప్పదని అర్థమయ్యాక పరాంకుశం గారే ఇంటికొచ్చారు, చేతిలో ఆ సంతకం కోరే అర్జీతో. గవర్రాజు గారు కళ్ళజోడు పెట్టుకుని అర్జీ అంతా చదివి, మడిచి ఇచ్చేశారు.

"బయటికెళ్ళి మళ్ళీ రండి."

పరాంకుశం గారు గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చారు. లోపల వీర్రాజు నోట్లో తువ్వాలు కుక్కుకుని నవ్వాపుకుంటున్నాడు.

"ఇంకా అదే సమస్యాండి?" అన్నారు గవర్రాజు గారు.

"అదేనండి."

"సరే, చూద్దామండి. జవాబు రాలేదని తొందరపడి మళ్ళీ మళ్ళీ నొక్కకండేం. తమ పుస్తకంలోనే ఉందంట."

పరాంకుశం గారు కొత్త సూటుతోనే వెళ్ళిపోయారు. ఆ పూట గవర్రాజు గారు చాలాసేపు తనలో తాను నవ్వుకున్నారు. హైమావతి కూడా నవ్వింది. నవ్వి, వంటింట్లోకి వెళ్ళి బోర్లించిన క్యారేజీ మీద దుమ్ము తుడిచి, మళ్ళీ బోర్లించింది. ఆయన అది చూశారు.

మర్నాడు పొద్దున్న గవర్రాజు గారు చొక్కా తొడుక్కుని, గొడుగు పట్టుకుని వసారాలోకి వచ్చేసరికి, అక్కడ వెలుతురు వైపు తిరిగి హైమావతి కూర్చుని ఉంది. ముందు చాట. చాటలో బియ్యం. వేలితో ఒక పక్కకు నెట్టి, మళ్ళీ ఇవతలికి లాగి, వంగి చూస్తోంది.

ఆయన ఆగారు. "ఏం చేస్తున్నావమ్మాయ్?"

"రాళ్ళు ఏరుతున్నానండి."

"దొరికిందా?"

"ఇంకా లేదండి" అంది ఆమె తలెత్తకుండా. "ఉంటుందిలెండి. ఎక్కడికి పోద్ది?"

గవర్రాజు గారు చాట వైపు చూశారు. ఆ బియ్యం సంగతి ఆయనకంటే తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఆమె వేళ్ళు తెల్లటి బియ్యంలో అటూ ఇటూ తిరుగుతున్నాయి. పాతికేళ్ళ పిల్ల, అచ్చం ఆయనలాగే మెడ వంచి, అచ్చం ఆయనలాగే చాట ఒక పక్కకు వాల్చి.

వీధిలో మైకు ఆటో వచ్చింది. "పెనుగాలులు వీచును! ఎవ్వరును బయటికి రావద్దు!" అని అరుస్తూ మలుపు తిరిగింది. ఎదురింటి పెరట్లో ఆరేసిన బట్ట ఒక్కటీ కదల్లేదు. ఆయన వసారా అంచుకు వచ్చి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశమంతా చూశారు. ఎక్కడా మబ్బు తునక లేదు.

చేతిలో గొడుగును మడతలు సరిచేసి గట్టిగా చుట్టారు. దాని పట్టీ బొత్తాం పెట్టారు. ఫోటో కింద కొక్కేనికి తగిలించి, ఊగుతున్నదాన్ని అరచేత్తో ఆపారు. తర్వాత చొక్కా జేబు తడిమి పెన్ను ఉందో లేదో చూసుకున్నారు.

హైమావతి వేళ్ళు బియ్యంలో ఆగిపోయాయి.

గవర్రాజు గారు చెప్పులు తొడుక్కుని, గేటు తీసుకుని, ఎండ నెత్తిన పడుతుంటే నిటారుగా నడుచుకుంటూ వెళ్ళిపోయారు.